ప్రోగ్ రాక్‌లో ఎవరి ప్రభావం ఎవరి మీద? చేత్తో లెక్క కట్టి తేల్చుకోవడం

బెంగళూరులో ప్రోగ్ రాక్ (ప్రోగ్రెసివ్ రాక్: పొడవైన రచనలు, చిక్కు లయలతో సాగే రాక్ సంగీతం) వినే తెలుగువాళ్ళు నలుగురు ఒకచోట చేరితే, మాట ఎక్కడ మొదలైనా చివరికి ఎవరి నుంచి ఎవరు తీసుకున్నారన్న దగ్గరికి వస్తుంది. 2002లో పింక్ ఫ్లాయిడ్ బృందంలో ఒకప్పటి సభ్యుడు రోజర్ వాటర్స్ ప్యాలెస్ గ్రౌండ్స్‌లో పాడి వెళ్ళిన ఊరు ఇది. అందుకని ముందు పింక్ ఫ్లాయిడ్ ప్రస్తావనే వస్తుంది. వాళ్ళ ‘మనీ’ పాట ఏడు మాత్రల మిశ్రచాపు తాళంలో ఉంది, కాబట్టి అది కచ్చితంగా మన సంగీతం ప్రభావమేనని ఒకరంటారు. చిన్నప్పుడు నాలుగేళ్ళు పాట నేర్చుకున్నవాళ్ళు తొడ మీద తాళం వేసి, ఏడు సరిగ్గా పడుతోందని చూపిస్తారు కూడా.

ఏడు పడుతుంది, నిజమే. కానీ అది మిశ్రచాపు ఏడు కాదు. మిశ్రచాపులో తకిట తకధిమి అని మూడూ నాలుగుగా ఏడు చిన్న మాత్రలు ఒక ఒరుగుతో నడుస్తాయి. చేతి దెబ్బల మధ్య దూరం సమానంగా ఉండదు, ఆ తాళం అందమంతా అందులోనే ఉంది. ‘మనీ’లో ఏడూ సమానమైన పెద్ద దెబ్బలు. ఒక్కొక్క దెబ్బ లోపల మూడు మాత్రల ఊపు ఉంటుంది, అంటే ఆవృత్తానికి (తాళం ఒక చుట్టుకు) 21 మాత్రలు. మన లెక్కలో దగ్గరగా చెప్పాలంటే తిశ్రజాతి త్రిపుట తాళం తిశ్ర నడకలో: ఒక ఘాత, రెండు వేళ్ళు, ఆ తర్వాత రెండు ద్రుతాలు. తాళం ఇలా మార్చి వేస్తే బేస్ గిటార్ వరస చేతికి హాయిగా అందుతుంది. మిశ్రచాపు వేస్తే రెండో ఆవృత్తానికే చెయ్యి ముందుకు తోసుకుపోతుంది.

ఆ లోపలి మూడు మాత్రల ఊపు అమెరికన్ బ్లూస్ షఫుల్. పాట స్వరాల కదలిక కూడా మైనర్ బ్లూస్ పద్ధతిదే. అంటే బ్లూస్ పాటను ఏడు దెబ్బల చట్రంలో కూర్చోబెట్టారు. మొదట్లో వినిపించే నాణేల చప్పుడు, క్యాష్ రిజిస్టర్ మోత టేపు మీద రికార్డు చేసి, స్కేలుతో కొలిచి, సమానమైన ఏడు ముక్కలుగా కోసి అతికించి చుట్టలా తిప్పినవి. ఏడు దెబ్బలూ సమానం కాబట్టే స్కేలుతో కొలవడం కుదిరింది. సాక్సొఫోన్ సోలో ఏడులోనే నడుస్తుంది. డేవిడ్ గిల్మర్ గిటార్ సోలో మొదలవగానే పాట నాలుగులోకి దిగిపోయి, అయ్యాక మళ్ళీ ఏడుకు ఎక్కుతుంది. కర్ణాటక తాళాన్ని పునాదిగా తీసుకున్న రచనలో మధ్యలో తాళాన్ని ఇలా వదిలి, మళ్ళీ అందుకోవడం ఉండదు.

సంఖ్య కలిసినంత మాత్రాన చుట్టరికం కలవదు. ప్రభావం గురించి మాట్లాడేటప్పుడు జరిగే పొరపాట్లలో సగానికి మూలం ఇదే. ఒక ఆల్బమ్ మరో ఆల్బమ్‌లా వినిపించడం పోలిక. ఒకరి పని చేసే పద్ధతి మరొకరి చేతికి రావడం ప్రభావం. రెండోది తేల్చడానికి చెవి ఒక్కటే చాలదు. తేదీ కుదరాలి, మనిషి దారి కనబడాలి, లోపలి లెక్క సరిపోవాలి.

సమంగా లేని లెక్కలు రాక్‌లోకి వచ్చిన దారి చూస్తే ఇది స్పష్టమవుతుంది. జాజ్ పియానిస్టు డేవ్ బ్రూబెక్ 1958లో టర్కీ వెళ్ళినప్పుడు వీధి వాద్యగాళ్ళు వాయించిన తొమ్మిది మాత్రల నడక విన్నాడు. 2+2+2+3 అనే ఆ వరస మీద ‘బ్లూ రోండో ఆ లా టర్క్’ కట్టాడు. 1959 నాటి ‘టైమ్ అవుట్’ ఆల్బమ్‌లో ఐదు దెబ్బల ‘టేక్ ఫైవ్’తో పాటు అదీ ఉంది. కీత్ ఎమర్సన్ ‘ద నైస్’ బృందంలో ఉండగా 1967లో దాన్ని ‘రోండో’గా వాయించాడు. అయితే తొమ్మిదిని తీసేసి నాలుగు చేశాడు. రాగం వచ్చింది, లెక్క రాలేదు. ప్రభావం ఉందా అంటే ఉంది, సగం. అదే ఎమర్సన్ నాలుగేళ్ళ తర్వాత, 1971లో, ఎమర్సన్ లేక్ అండ్ పామర్ బృందంతో ‘టార్కస్’ చేసినప్పుడు మొదటి భాగమంతా ఐదు లెక్కలో పరిగెత్తిస్తాడు. బ్రూబెక్ నుంచి రావలసిన మిగతా సగం అప్పటికి చేరిందని చెప్పవచ్చు. మధ్యలో హంగేరీ స్వరకర్త బార్టోక్ కూడా ఉన్నాడు. 1970 నాటి వాళ్ళ మొదటి ఆల్బమ్‌లోని ‘ద బార్బేరియన్’ బార్టోక్ పియానో రచన ‘అల్లెగ్రో బార్బరో’ నుంచి వచ్చిందే.

కింగ్ క్రిమ్సన్ 1969లో కచేరీల్లో ఆంగ్ల స్వరకర్త గుస్తావ్ హోల్స్ట్ ‘మార్స్’ను వాయించేది. అదీ ఐదు దెబ్బల రచనే. 1970లో వచ్చిన రెండో ఆల్బమ్‌లోని ‘ద డెవిల్స్ ట్రయాంగిల్’కి అదే మూలం. కచేరీలో ఏం వాయించేవారో తెలిస్తే ఆల్బమ్‌లో ఉన్నదాని మూలం దొరుకుతుందని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు.

మనిషి దారి వెతకడం ఇంకా తేలిక. ఆల్బమ్ అట్ట మీద వాయించినవాళ్ళ పేర్లు చూస్తే చాలు. గ్రెగ్ లేక్ కింగ్ క్రిమ్సన్ మొదటి ఆల్బమ్‌లో పాడి, అక్కడి నుంచి ఎమర్సన్‌తో చేరాడు. డ్రమ్మర్ బిల్ బ్రూఫోర్డ్ ‘యెస్’ బృందంతో ‘క్లోజ్ టు ది ఎడ్జ్’ ముగించి, 1972 సెప్టెంబరులో అది విడుదలయ్యే వేళకే కింగ్ క్రిమ్సన్‌లోకి మారిపోయాడు. 1976లో జెనెసిస్ కచేరీల్లో వాయించాడు. 1978లో జాన్ వెటన్‌తో కలిసి ‘యూకే’ ఆల్బమ్ చేశాడు. బ్రూఫోర్డ్ స్నేర్ డ్రమ్ మోత ఒకసారి చెవికెక్కితే ఈ నాలుగు చోట్లా పోల్చుకోవచ్చు: గట్టిగా, పొడిగా, లోహపు గిన్నె అంచు మీద కొట్టినట్టు మోగుతుంది. జాజ్ డ్రమ్మర్లు మాక్స్ రోచ్, జో మొరెల్లో అతనికి ఆదర్శం. జో మొరెల్లో ‘టేక్ ఫైవ్’లో డ్రమ్స్ వాయించినవాడే. చుట్టు అక్కడితో పూర్తవుతుంది.

బేస్ గిటార్‌లో ఇలాంటి గొలుసే ఇంకొకటి ఉంది. ‘ద హూ’ బృందపు జాన్ ఎంట్‌విసిల్ నుంచి ‘యెస్’ క్రిస్ స్క్వయర్‌కి, అతని నుంచి ‘రష్’ గెడ్డీ లీకి. స్క్వయర్, లీ ఇద్దరూ రికెన్‌బ్యాకర్ 4001 వాయించారు. గుండ్రటి తీగ చుట్టిన తంత్రులు వాడి, పై స్థాయి స్వరాలు గరగరలాడేలా పెట్టి, బేస్‌ను వెనక మూలుగులా కాక గిటార్‌తో సమానంగా ముందుకు తెచ్చారు. ఇక్కడొక తేడా గమనించాలి. స్క్వయర్ ప్లెక్ట్రమ్‌తో (చేత పట్టుకునే చిన్న బిళ్ళతో) మీటేవాడు, లీ వేళ్ళతో. ప్లెక్ట్రమ్ దెబ్బ మొదట్లో ‘టక్’మని ఒక చిన్న ముల్లు ఉంటుంది. వేలి దెబ్బలో ఆ ముల్లు మొద్దుబారి, తర్వాతి నాదం లావవుతుంది. రెండు ఆల్బమ్‌లు పక్కపక్కన పెట్టి విన్నప్పుడు లీ స్క్వయర్ లాగే వాయిస్తాడని చెప్పేయకుండా, ఏది తీసుకున్నాడు, ఏది తన దగ్గర ఉంచుకున్నాడు అని విడదీయగలిగితే మాట నిలబడుతుంది.

ఇక లెక్క కట్టే పద్ధతి. కర్ణాటక సంగీతం కొంచెం తెలిసిన తెలుగు శ్రోతకు ఇక్కడ ఎంతో అనుకూలం. పాశ్చాత్య స్వరలిపి రాకపోయినా వేళ్ళు చాలు. ముందు కాలు వేసే పెద్ద దెబ్బ పట్టుకోవాలి. తర్వాత అదే వరస మళ్ళీ ఎక్కడ మొదలైందో గుర్తించాలి. ఆ రెండింటి మధ్య అతి చిన్న మాత్రలు ఎన్నో లెక్కపెట్టాలి. ఒక ఆవృత్తంతో సరిపెట్టకూడదు, నాలుగు ఆవృత్తాలు అదే లెక్క నిలిచిందో లేదో చూడాలి. ఎక్కువగా జరిగే తప్పులు రెండు. మొదటిది, వరసకు ముందు వచ్చే ఎత్తుగడ స్వరాల్ని సమం (ఆవృత్తం మొదటి దెబ్బ) అనుకోవడం. మొదటి సమం తప్పితే మిగతాదంతా ఒక మాత్ర పక్కకి జరిగిపోయి, తొమ్మిది ఉన్నచోట ఎనిమిదిన్నర ఉన్నట్టు అయోమయంగా ఉంటుంది. రెండోది, స్నేర్ దెబ్బను ఒకటో దెబ్బగా తీసుకోవడం. రాక్‌లో స్నేర్ సాధారణంగా రెండో దెబ్బ మీద, నాలుగో దెబ్బ మీద పడుతుంది. మృదంగం అలవాటైన చెవి బలమైన దెబ్బ ఎక్కడుంటే అక్కడే సమం అనుకుంటుంది.

దీనికి రష్ 1981లో చేసిన ‘మూవింగ్ పిక్చర్స్’ ఆల్బమ్‌లోని ‘వై వై జెడ్’ మంచి పాఠం. ఆ మూడక్షరాలు టొరంటో విమానాశ్రయం సంకేతం. విమానాలకు దారి చూపే రేడియో అదే సంకేతాన్ని మోర్స్ కోడ్‌లో పంపుతుంటుంది. ఆ గీతలు, చుక్కలే పాట మొదటి లయ అయ్యాయి. వై అంటే గీత, చుక్క, గీత, గీత. జెడ్ అంటే గీత, గీత, చుక్క, చుక్క. గీతకు రెండు మాత్రలు, చుక్కకు ఒకటి ఇచ్చి చూడండి. వైకి 2+1+2+2, అంటే ఏడు. రెండో వైకి మరో ఏడు. జెడ్‌కి 2+2+1+1, అంటే ఆరు. మొత్తం 20. నోటితో చెప్పాలంటే: తకిట తకధిమి, తకిట తకధిమి, తకధిమి తక. చేత్తో ఐదు దెబ్బలు వేసుకుని, దెబ్బకు నాలుగు మాత్రలు పెడితే ఖచ్చితంగా ఒక ఆవృత్తంలో సరిపోతుంది. ఖండజాతి ఏకతాళం చతురశ్ర నడకలో. రెండు మిశ్రాలు (ఏడులు) ముగిసేచోట, అంటే 14 మాత్రలయ్యాక, చెయ్యి నాలుగో దెబ్బ మధ్యలో గాలిలో ఉంటుంది. ఆరు మాత్రల జెడ్ వచ్చి దాన్ని మళ్ళీ సమానికి చేరుస్తుంది. పది సార్లు వేస్తే కానీ ఆ గాలిలో తేలే క్షణం అలవాటు కాదు.

ఇందులో ఇంకో సంగతి ఉంది. అసలైన మోర్స్‌లో గీత నిడివి చుక్కకు మూడింతలు. అదే పాటిస్తే, మధ్య ఖాళీలు వదిలేసినా, 10+10+8, మొత్తం 28 వచ్చి పాట ఏడు దెబ్బలది అయ్యేది. గీతను రెండుకు కుదించడం సంగీతకారుల నిర్ణయం. కోడ్ ఎక్కడి నుంచో వచ్చింది, లయ మాత్రం వాళ్ళే కట్టారు. ప్రభావం ఎక్కడ ఆగి, సొంత పని ఎక్కడ మొదలవుతుందో ఇంత దగ్గరగా కనబడే చోటు ప్రోగ్‌లో మరొకటి దొరకడం కష్టం.

పద్నాలుగు లెక్క మోయడం తెలిసినవాళ్ళకు కింగ్ క్రిమ్సన్ 1981లో చేసిన ‘డిసిప్లిన్’ ఆల్బమ్‌లో ‘ఫ్రేమ్ బై ఫ్రేమ్’ ఉంది. భైరవి రాగంలో ‘విరిబోణి’ వర్ణం నేర్చుకున్న ఎవరికైనా ఖండజాతి అట తాళం, అంటే 14 అక్షరాలు, చేతిలో ఉంటాయి. ఇక్కడ రెండు గిటార్లూ ఏడు లెక్కలో ఒకే వరసతో మొదలవుతాయి. రెండు ఆవృత్తాలకు 14 స్వరాలు. కాసేపటికి ఒక గిటార్ చివరి స్వరం వదిలేసి 13తో తిరగడం మొదలుపెడుతుంది. రెండోది 14తోనే ఉంటుంది. ఆవృత్తానికో స్వరం చొప్పున ఎడం పెరుగుతూ పోతుంది. 13, 14 మళ్ళీ ఒకేచోట కలవాలంటే లెక్క ప్రకారం 182 స్వరాలు కావాలి. వినేటప్పుడు ఒక గిటార్‌నే చెవితో పట్టుకుని 14 వేయాలి. రెండోదాని వెంట పడితే ఇద్దరూ జారిపోతారు. ఈ పద్ధతికి మూలం ఇండోనేసియా గామెలాన్ వాద్యబృందాల అల్లిక, అమెరికన్ స్వరకర్త స్టీవ్ రైష్ రచనలు. రైష్ 1967 నాటి ‘పియానో ఫేజ్’లో ఇద్దరు పియానిస్టులు ఒకే 12 స్వరాల వరస వాయిస్తుండగా ఒకరు మెల్లగా ముందుకు జరుగుతారు. కింగ్ క్రిమ్సన్ గిటారిస్టు రాబర్ట్ ఫ్రిప్ బృందం మెల్లగా జరగడం మాని, ఒక స్వరం కోసేసింది. ఫలితం ఒకటే జాతిది, పనిముట్టు వేరు.

కింగ్ క్రిమ్సన్ 2001లో అమెరికాలో ‘టూల్’ బృందం కచేరీలకు ముందు వాయించింది. అదే సంవత్సరం టూల్ చేసిన ‘లేటరలస్’ పాట పల్లవిలో 9, 8, 7 మాత్రలు వరసగా వస్తాయి. మొత్తం 24, అంటే ఎనిమిది చొప్పున మూడు ఆవృత్తాలు. తగ్గుతూ వచ్చే ఈ వరుసను మనవాళ్ళు గోపుచ్ఛ యతి అంటారు. ఇక్కడ భారతీయ ప్రభావం అంటే ‘మనీ’ విషయంలోలాగా కొట్టిపారేయడానికి లేదు. డ్రమ్మర్ డానీ కేరీ తబలా నేర్చుకున్నవాడు, మనిషి దారి ఉంది. ఉన్నా, యతి అనే పద్ధతే అతన్ని అక్కడికి తెచ్చిందని చెప్పడానికి అది చాలదు. కుదరడానికి అవకాశం ఉందన్న దగ్గర ఆగడం న్యాయం.

లెక్కల మార్పులు ఎన్ని ఉంటే ఆల్బమ్ అంత గొప్పదన్న భ్రమ కూడా ఒకటుంది. డ్రీమ్ థియేటర్ 1999లో చేసిన ‘ద డాన్స్ ఆఫ్ ఇటర్నిటీ’లో వందకు పైగా మార్పులున్నాయి. అది వాయించగలగడం సాధన. కానీ జెనెసిస్ 1972 నాటి ‘సపర్స్ రెడీ’లో తొమ్మిది మాత్రల వరస ఒక్కటే మొండిగా తిరుగుతుంటుంది. దాని మీద టోనీ బ్యాంక్స్ ఆర్గాన్ ఆ తొమ్మిదిని పట్టించుకోకుండా తన దారిలో పోతుంది. మారేది తక్కువ, బిగువు ఎక్కువ. అక్కడ తొమ్మిది వేస్తూ ఆర్గాన్ వినడం కచేరీలో తని ఆవర్తనానికి (లయ వాద్యాలు మాత్రమే వాయించే భాగానికి) తాళం వేసినంత పని.

మనుషులతో పాటు యంత్రాలూ ప్రభావం చూపాయి. దీన్ని జనం తక్కువగా పట్టించుకుంటారు. 1969 అక్టోబరులో వచ్చిన కింగ్ క్రిమ్సన్ ‘ఇన్ ద కోర్ట్ ఆఫ్ ద క్రిమ్సన్ కింగ్’లో వినిపించే ఆ పొగమంచు లాంటి వయొలిన్ల గుంపు మెలోట్రాన్ అనే కీబోర్డు వాద్యం. ప్రతి మెట్టు కింద ఒక టేపు ముక్క. మెట్టు నొక్కితే టేపు కదిలి ముందే రికార్డు చేసిన స్వరం పలుకుతుంది. టేపు నిడివి ఎనిమిది సెకన్లు మాత్రమే. ఆ లోపు వేలు ఎత్తాలి, స్ప్రింగు టేపును వెనక్కి లాగాలి, మళ్ళీ నొక్కాలి. అందుకే మెలోట్రాన్ ఉన్న పాటల్లో స్వరసమూహాలు (కార్డ్స్) ఎనిమిది సెకన్లు దాటకుండా మారుతుంటాయి, లేదా ఒక్కో వేలూ విడివిడిగా ఎత్తి దింపుతారు. వేళ్ళు ఎక్కువ నొక్కితే మోటారు మీద బరువు పడి శ్రుతి కిందికి జారుతుంది. ఆ జారుడే దానికి దిగులు గొంతు ఇచ్చింది. జెనెసిస్ ‘వాచర్ ఆఫ్ ద స్కైస్’ మొదట్లో వినిపించే మెలోట్రాన్‌ను కింగ్ క్రిమ్సన్ దగ్గరే కొన్నామని టోనీ బ్యాంక్స్ చెప్పాడు. ఆ రెండు ఆల్బమ్‌ల పోలికలో ఎంత భాగం మనుషులది, ఎంత భాగం పెట్టెది అని విడదీయాలి. స్వరాలు నెమ్మదిగా మారడం పెట్టెది. ఏ స్వరం తర్వాత ఏది అన్నది బ్యాంక్స్‌ది.

గ్రామఫోను రికార్డు కూడా ఇలాంటి యంత్రమే. ‘క్లోజ్ టు ది ఎడ్జ్’ పాట 18 నిమిషాలు దాటుతుంది, ‘టార్కస్’, రష్ ‘2112’ 20 నిమిషాల పైన, ఫ్లాయిడ్ ‘ఎకోస్’, ‘సపర్స్ రెడీ’ 23 నిమిషాల దరిదాపుల్లో. అందరికీ ఒకే సమయంలో ఒకే నిడివి తోచడానికి కారణం ఒకరినొకరు చూసి రాయడం ఒక్కటే కాదు. 12 అంగుళాల రికార్డు ఒక పక్కన హాయిగా పట్టేది అంతే. ఇంకా పెంచితే గాళ్ళు ఇరుకవుతాయి, శబ్దం తగ్గించి కోయాలి, బేస్ కుదించాలి. పైగా నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే రికార్డు అంచు దగ్గర సూది కింద సెకనుకు 51 సెంటీమీటర్ల గాడి నడుస్తుంది. లోపలి చివరకు వచ్చేసరికి అది 21కి పడిపోతుంది. అదే స్వరం సగానికన్నా తక్కువ చోటులో రాయాలి, అందుకే పక్క చివర సింబల్స్ (కంచు పళ్ళేల) మోత చీరుకుపోతుంది. దీర్ఘరచనల పతాక సన్నివేశం సరిగ్గా అక్కడే పడుతుంది. పాత రికార్డులో ‘సపర్స్ రెడీ’ ముగింపు గరగరలాడితే సూదిని అనుమానించే ముందు ఈ లెక్క గుర్తు తెచ్చుకోవాలి. జెత్రో టల్ 1972లో ‘థిక్ యాజ్ ఎ బ్రిక్’ను రెండు పక్కలా ఒకే పాటగా చేసి, మధ్యలో రికార్డు తిరగేయడానికి చోటిచ్చింది.

ఈ రోజు ఫోనులో వినేవాళ్ళకు వచ్చే చిక్కులు వేరు. పాటల వరస మార్చే షఫుల్ సదుపాయం ఆపాలి. ఒక పాట చివరను తర్వాతి పాట మొదటితో కలిపే క్రాస్‌ఫేడ్ సున్నా చెయ్యాలి, లేకపోతే ‘ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్’లో పాట నుంచి పాటకు ఉన్న అసలు అతుకు మీద యాప్ ఇంకో అతుకు వేస్తుంది. శబ్దం సమం చేసే సదుపాయం ఉంటే పాటవారీగా కాక ఆల్బమ్‌వారీగా పెట్టుకోవాలి. మెల్లగా ఉండాల్సిన పాటను పెంచేస్తే ఆల్బమ్ ఎగుడుదిగుళ్ళు పోతాయి. ఒక్క బ్లూటూత్ స్పీకర్ మీద ‘ఫ్రేమ్ బై ఫ్రేమ్’ వింటే చెరో పక్కన ఉన్న రెండు గిటార్లు కలిసిపోయి, 13 ఏదో 14 ఏదో తెలియదు. ఇయర్‌ఫోన్లయినా నయం. హాల్లో రెండు స్పీకర్లు పెట్టుకుంటే, వాటి మధ్య దూరం ఎంతో కూర్చునే చోటికీ అంతే ఉండాలి. మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్ అపార్టుమెంట్ల టైల్స్ నేల మీద ఒక జంబుఖానా పరిస్తే సగం గోల తగ్గుతుంది.

ఏ కూర్పు వింటున్నామన్నది అంతకన్నా ముఖ్యం. రీమాస్టర్ అంటే పాత స్టీరియో కూర్పునే మళ్ళీ సరిదిద్దడం. రీమిక్స్ అంటే విడివిడి ట్రాకుల దాకా వెనక్కి వెళ్ళి కొత్తగా కలపడం. పోర్క్యుపైన్ ట్రీ బృందపు స్టీవెన్ విల్సన్ కింగ్ క్రిమ్సన్, యెస్, జెత్రో టల్ ఆల్బమ్‌లను అలా కొత్తగా కలిపాడు. ‘ఇన్ ద కోర్ట్’ రీమిక్స్ 2009లో వచ్చింది. అవి ఎంతో శుభ్రంగా ఉంటాయి, వినదగ్గవి. అయితే పోర్క్యుపైన్ ట్రీ 2002 నాటి ‘ఇన్ ఆబ్సెన్షియా’ను కింగ్ క్రిమ్సన్‌తో పోల్చేటప్పుడు 2009 రీమిక్స్ పెట్టుకుంటే, విల్సన్‌ను విల్సన్‌తోనే పోల్చినట్టు. 1969 కూర్పే వినాలి.

ఇక మన వైపు దారి. ‘యెస్’ 1973లో చేసిన ‘టేల్స్ ఫ్రమ్ టోపోగ్రాఫిక్ ఓషన్స్’ గురించి తప్పకుండా ప్రస్తావన వస్తుంది. పరమహంస యోగానంద ఆత్మకథలో శాస్త్రాల గురించి ఉన్న ఒక అధోజ్ఞాపిక చదివి యెస్ గాయకుడు జాన్ ఆండర్సన్ దాన్ని నాలుగు పక్కల రచనగా ఊహించాడు. ఆలోచన ఇక్కడిది, సంగీతం కాదు. ఆ నాలుగు పక్కల్లో రాగం గానీ తాళం గానీ భారతీయ పద్ధతిలో కదిలే చోటు లేదు.

నిజంగా పద్ధతి చేతులు మారింది గిటారిస్టు జాన్ మెక్లాఫ్లిన్ దగ్గర. అతని బృందం మహావిష్ణు ఆర్కెస్ట్రా 1973 ఆల్బమ్ ‘బర్డ్స్ ఆఫ్ ఫైర్’ మొదటి పాట 18 మాత్రలది. అతను అమెరికాలో వెస్లియన్ విశ్వవిద్యాలయంలో డాక్టర్ ఎస్. రామనాథన్ దగ్గర వీణ నేర్చుకున్నాడు. 1975కల్లా ఎల్. శంకర్, జాకీర్ హుస్సేన్, ఘటం విక్కు వినాయక్‌రామ్‌తో ‘శక్తి’ బృందం మొదలైంది. అతని గిటార్‌కే వీణ లక్షణం తెచ్చారు. మెట్ల మధ్య చెక్కను దొన్నెలా తోడి, తీగను లోపలికి నొక్కి గమకం లాగడానికి చోటిచ్చారు. రంధ్రం మీదుగా అడ్డంగా అనునాద తంత్రులు పెట్టారు. తర్వాత ‘రిమెంబర్ శక్తి’లో మన పాలకొల్లులో పుట్టిన మాండలిన్ యు. శ్రీనివాస్ చేరారు. ఎనిమిది తీగల మాండలిన్‌ను ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ వాద్యంగా మార్చుకున్నదీ గమకం కోసమే. జంట తీగలను ఒకే వేలితో పక్కకు లాగితే రెండూ సమానంగా సాగవు, శ్రుతి చీలుతుంది. ఈ గొలుసులో తేదీ, మనిషి, పద్ధతి మూడూ ఉన్నాయి.

బెంగళూరులో ఈ దారి రెండో వైపు నుంచి, అంటే కర్ణాటక సంగీతం నుంచి రాక్ వైపుకు, మొదలైంది. ‘అగం’ బృందం 2012లో ‘ది ఇన్నర్ సెల్ఫ్ అవేకెన్స్’ తెచ్చింది. ‘పైనాపుల్ ఎక్స్‌ప్రెస్’, ‘ప్రాజెక్ట్ మిశ్రం’ నోటితో లయ పలికే కొన్నక్కోలును మెటల్ గిటార్లతో కలిపాయి. అగం ‘స్వాన్స్ ఆఫ్ సరస్వతి’కి ఆధారం త్యాగరాజు తెలుగు కీర్తన ‘బంటురీతి కొలువు’, హంసనాదం రాగం. ఈ రాగాన్ని బ్యాండు మీదికి తేవడంలో ఉన్న ఇబ్బంది దగ్గరగా చూడదగ్గది.

హంసనాదంలో ఇప్పుడు పాడే స్వరాలు స, చతుశ్రుతి రి, ప్రతి మ, ప, కాకలి ని. గాంధారం లేదు. రాక్‌లో స్వరసమూహానికి రంగునిచ్చేదే గాంధారం. అలవాటు కొద్దీ కీబోర్డు మీద స గ ప నొక్కితే కల్యాణి వాసన వచ్చి రాగం పోతుంది. గిటార్‌లో ఈ సమస్య తక్కువ, అక్కడ స ప రెండే వాయించే పద్ధతి ముందే ఉంది. దానికి కారణం డిస్టార్షన్, అంటే గిటార్ శబ్దాన్ని కావాలని గరుకుగా చెయ్యడం. స 200 కంపనాలు, ప 300 అనుకుంటే డిస్టార్షన్ వాటి తేడా 100ను కూడా మోగిస్తుంది, అది మంద్ర షడ్జమే. మధ్యలో కీబోర్డు శ్రుతి గాంధారం 252 చేరితే తేడా 52 వస్తుంది, షడ్జమానికి కావలసిన 50తో అది కొట్టుకుంటుంది. అందుకే గాంధారం వేస్తే గిటార్ బురదలా వినిపిస్తుంది. గాంధారం లేని రాగాలు డిస్టార్షన్ గిటార్‌కు ఇంత బాగా నప్పడం వెనక ఉన్నది ఈ లెక్కే.

కీబోర్డుకు మిగిలిన దారులు రెండు. స రి ప కలిపి నొక్కవచ్చు, అది రాగంలోనే ఉంటుంది, ఎటూ తేలకుండా గాలిలో నిలబడుతుంది. లేదా రాగంలో సహజంగా దొరికే పూర్తి సమూహాలు వాడాలి: ప ని రి ఒకటి, ని రి మ ఇంకొకటి. రెండూ నిండుగా మోగుతాయి, అదే ప్రమాదం. ప ని రి మీద ఎక్కువసేపు ఉంటే చెవి పంచమాన్ని షడ్జమంగా తీసుకుంటుంది. అప్పుడు అవే ఐదు స్వరాలు స గ మ ప ని అయిపోయి గంభీరనాట వినిపిస్తుంది. గాయకుడు ‘బంటురీతి’ అనే పాడుతున్నా వెనక రాగం తిరగబడి ఉంటుంది. శ్రోతకు ఎక్కడో తేడాగా ఉందని తెలుస్తుంది, ఏమిటో చెప్పలేడు. దీన్ని ఆపేది బేస్ గిటార్ ఒక్కటే. కీబోర్డు ఎక్కడికి పోయినా బేస్ షడ్జమం మీద తంబురాలా నిలబడి ఉండాలి. అప్పుడు కింద స, పైన ప ని రి కలిసి హంసనాదంగానే వినిపిస్తాయి. రికార్డింగు వినేటప్పుడు పాటకన్నా ముందు బేస్ ఎక్కడుందో చూస్తే, ఆ బృందం రాగం నుంచి తీసుకున్నది స్వరాలు మాత్రమేనా, రాగాన్నేనా అన్నది మొదటి రెండు ఆవృత్తాల్లో తెలిసిపోతుంది.